పునాది పందొమ్మిదిలో చోటులేని చెవి

నమోదు 1

పునాది పందొమ్మిది విడుదల ప్రకటన ఈ ఉదయం వెలువడింది. ఒక చేత బ్రష్షు, మరొక చేత పలక పట్టుకుని, మంచువలల దగ్గర నిలబడి చదివాను. ఈ పక్షం వలలు తోమే వంతు మా వసతిగృహానిది. రాత్రంతా కొండమీద పాకిన మంచు ఈ వలల దారాలకు పట్టి, బొట్లు కట్టి, కింది కాలువలోకి జారుతుంది. సముద్రం మన్యం అంచుదాకా వచ్చి కూర్చున్న తర్వాత దిగువ బావుల్లో ఉప్పు తేలింది. వేసవిలో మంచుగుట్ట విద్యాలయం తాగేవి ఈ నీళ్ళే. దారానికి పాచి పట్టిందంటే నీటికి వాసన పడుతుంది, కనుక ప్రతి దారాన్నీ తోమవలసిందే.

పంపు కానీ, పాలను చల్లబరిచే యంత్రం కానీ, నా చేతిలోని పలక కానీ, ఉత్త ఇనుమూ గాజూగా పడి ఉండకుండా యంత్రంగా మేల్కోవాలంటే వాటిలో అన్నిటికన్నా ముందు మేల్కోవలసిన కెర్నెల్ అనే మూల ప్రోగ్రాం పేరు పునాది. కొత్త యంత్రాలు తయారవడం మా అమ్మ పుట్టకముందే ఆగిపోయింది. ఉన్నవాటినే విప్పుకుంటున్నాం, అతుకుతున్నాం, మళ్ళీ బిగించుకుంటున్నాం. అందువల్ల విడుదల ప్రకటనలో కొత్త సౌకర్యాల గురించి ఎవరూ చదవరు. అందరి కళ్ళూ చివరి భాగానికి పరుగెడతాయి. దాని శీర్షిక 'తొలగింపులు'.

ప్రకటన కిందనే, కొండకొండ నుంచీ వాడకందారుల మాటలు అప్పటికే వచ్చి పడుతున్నాయి.

సీలేరు పంపుల దగ్గరి నూకరాజు: "మా మోటారు కార్డు ఉందా, ఊడిందా? అది చెప్పండి ముందు. మిగతా పురాణం తరవాత చదూతాను."

అరకు పాలకేంద్రం కాసులమ్మ: "ఉంది బాబూ, నాలుగో పేరాలో. చదివితే కళ్ళేం పోవు."

నూకరాజు: "మా పలకకి పై సగమే ఎలుగుతాది అక్కా. నాలుగో పేరా కింది సగంలో ఉంటే నాకేటి తెలుస్తాది?"

ఇంకెవరో: "పదిహేడులో మా తలుపు తాళం పోయింది. పద్దెనిమిదిలో ప్రింటరు పోయింది. ఇరవైలో నన్నే తొలగిస్తారేమో."

దానికి విడుదలాధికారి కైలాసం గారి జవాబు: "పూచీ ఇచ్చే మనిషి దొరికితే మిమ్మల్నీ ఉంచుతాం."

నేనూ ఒక వాక్యం రాశాను. పూచీలేని ముక్కలను మోసుకు తిరిగే పునాది పునాది కాదు, గోదాము అని. రాసి తలెత్తేసరికి వలకు అవతలి వైపు తోముతున్న మాండవి నన్నే చూస్తోంది.

మాండవిని పరిచయం చేయాలి. ఈ విద్యాలయంలో వాదానికి దిగితే నేను భయపడవలసిన మనిషి ఆమె ఒక్కతే. ఎదుటివారి వాక్యం ఇంకా పూర్తికాకముందే అందులోని పగులు కనిపెడుతుంది. ఇంతవరకూ నేను ఆమెను ఓడించలేదు. ఆమె చిన్నప్పుడే వినికిడి పోగొట్టుకుంది. నడుముకు కట్టుకున్న ఒక పెట్టె నుంచి తల వెనుకకు పోయే తీగ ద్వారా వింటుంది.

"తొలగింపుల్లో ఎనిమిదో వరుస చదివావా?" అంది.

మళ్ళీ చూశాను. కింకిణి శబ్దచిప్పు. పూచీదారు: మరణించారు. వాడకందారులు: ఎవరూ లేరు.

"చదివాను. ఎవరూ వాడటం లేదట."

ఆమె శాలువా పక్కకు తొలగించి పెట్టె చూపించింది. అరిగిపోయిన అక్షరాల్లో 'కింకిణి' అని ఉంది.

"ఆ 'ఎవరూ లేరు' అంటే నేనే," అని చెప్పి మళ్ళీ దారం తోమడం మొదలుపెట్టింది.

నమోదు 2

ప్రత్యర్థులు వేయగల ప్రశ్నను ముందుగా నేనే వేసుకుంటాను. పందొమ్మిది ఆమెను వదిలేస్తే ఆమె పద్దెనిమిదిలోనే ఉండిపోవచ్చు కదా?

ఉండలేదు. రెండు వానాకాలాల కిందట చెదలు వచ్చింది. పురుగు కాదు, యంత్రం నుంచి యంత్రానికి ఛార్జింగ్ తీగల గుండా పాకే దొంగ ప్రోగ్రాం. ఒక పంపు ఆగింది, తర్వాత కొండ మీది పంపులన్నీ ఆగాయి. జనం గుంటల్లో నీళ్ళు తాగి జ్వరాల పాలయ్యారు. ఆ తర్వాత కొండలవారందరి సభ ఒక నియమం చేసింది. కొత్త పునాది వచ్చాక తొలకరి వాన పడేదాకా గడువు. తొలకరి పడ్డ రోజున మంచువలలు దించి పంపులు నడపడం మొదలుపెడతాం కనుక, ఆ రోజు నుంచీ ఛార్జింగ్ స్టాండ్లు పాత పునాదికి కరెంటు ఇవ్వవు. ఆ నియమాన్ని సభలో ప్రతిపాదించింది నేను. ఎదిరించింది మాండవి. ఓట్లు నియమానికి వచ్చాయి, వాదంలో గెలుపూ చప్పట్లూ ఆమెకు వచ్చాయి. నియమం మంచిదని ఇప్పటికీ నా అభిప్రాయం. పంపు ఆగితే ఏమవుతుందో చూసినదాన్ని.

అంటే లెక్క తేలికే. తొలకరి పడుతుంది. మాండవి పెట్టె ఖాళీ అవుతుంది. ఆమెకు ఇక ఏమీ వినపడదు.

"ఇంతమంది యంత్రాలు లెక్కకు వచ్చాయి, నీ పెట్టె ఎందుకు రాలేదు?" అని అడిగాను. ప్రతి అమావాస్యకూ ప్రతి యంత్రమూ విడుదల కార్యాలయానికి 'ఉన్నాను' అని ఒక సంకేతం పంపుతుంది.

"మా పెట్టెలు పంపవు. మూసేశాం."

"ఎందుకు?"

"నా నడుముకున్నది నా చుట్టూ ఉన్న ప్రతి మాటా వింటుంది వకుళా. అది ఎవరికో ఏదో పంపుతోందని తెలిస్తే నా దగ్గర ఎవరైనా మనసు విప్పుతారా? చెవిపెట్టె వాళ్ళందరం ఒట్టు పెట్టుకున్నాం, మా పెట్టె నుంచి ఎవరికీ, ఎప్పటికీ, ఏ కబురూ వెళ్ళకూడదని. మిగతావాళ్ళు వైద్యులు ఉన్నప్పుడే వేరే చిప్పులకు మారిపోయారు. కింకిణితో మిగిలింది నేనే."

పక్కవారి గుట్టు కాపాడినందుకు ఆమె లెక్కలోంచి జారిపోయింది. ఇంతకన్నా అన్యాయమైన తార్కిక ఫలితాన్ని నేను చదివిన ఏ గ్రంథంలోనూ చూడలేదు.

"వేరే చిప్పు పెట్టించుకోరాదా?"

"తల లోపలున్న ముక్క కింకిణితోనే మాట్లాడుతుంది. దాన్ని తీసే వైద్యులు ఇప్పుడు లేరు. ఇంకేమైనా అడుగుతావా, లేక జాలిపడటం మొదలుపెడతావా? రెండోదైతే నేను వెళ్తాను."

"జాలి నాకు చేతకాదు," అన్నాను.

"తెలుసు. అందుకే ముందు నీకు చెప్పాను."

నమోదు 3

కైలాసం గారి గది ఒకప్పటి రసాయన ప్రయోగశాల. గోడ పొడవునా నేడు బతికున్న ప్రతి రకం బోర్డూ మేకులకు వేలాడుతూ ఉంటుంది. ఆయన మరమరాలు తింటూ పని చేస్తారు. మరమరాల పొడి పడని బోర్డు ఆ గదిలో లేదని విద్యార్థుల్లో ఒక మాట ఉంది.

"కింకిణికి వాడకందారు ఉంది," అన్నాను. "మాండవి."

ఆయన చేయి గిన్నెలోనే ఆగింది. కాసేపటికి, "ఆ అమ్మాయి పెట్టెలో ఉన్నది కింకిణా!" అన్నారు. ఇంకాసేపటికి, "అయ్యో," అన్నారు.

"అయ్యో అనడం పరిష్కారం కాదు సార్. తిరిగి చేర్చండి."

"చూడమ్మాయ్, నేను కసాయివాణ్ణి కాను. పంపుల బోర్డులో ఎంత చోటుందో నీకు తెలుసు. పునాది మొత్తం అందులో పట్టాలి. పందొమ్మిదిలో జ్ఞాపకస్థానాన్ని పంచే పద్ధతి పూర్తిగా మార్చాం. చిప్పులను పునాదితో మాట్లాడించే పాత డ్రైవర్లు ఏవీ వాటంతట అవి పనిచేయవు, ప్రతిదాన్నీ ఎవరో కూర్చుని తిరగరాయాలి. తిరగరాసిన మనిషి పూచీ ఉండాలి. కింకిణికి పూచీ ఉన్న పెద్దాయన పోయిన చలికాలంలో కాలం చేశారు."

"మాండవే రాసుకుంటుంది. పూచీ తనే ఉంటుంది."

"కుదరదు. ఎవరి యంత్రానికి వారే పూచీ ఉండకూడదు. తన యంత్రంలో లోపం కనబడితే ఎవరైనా దాచుకుంటారు."

ఆ నియమమూ నాకు నచ్చినదే. నచ్చిన నియమాలన్నీ కట్టగట్టుకుని ఒకే మనిషి మీద పడినప్పుడు ఏమనాలో ఏ తర్కశాస్త్రమూ చెప్పలేదు.

"అయితే నేను ఉంటాను," అన్నాను.

ఆయన నవ్వారు. "పూచీ అంటే తెలుసా? ఈ ఒక్క విడుదలకు కాదు. ఆ యంత్రం ఉన్నంతకాలం, వచ్చే ప్రతి విడుదలకూ నువ్వే తిరగరాయాలి, నువ్వే పరీక్షించాలి, లోపం ఉంటే సభలో నీ నోటితో నువ్వే చెప్పాలి. వాదాలకు పోయి కొండలన్నీ తిరిగే పిల్లవి, నీకెందుకు ఈ కట్టుగొయ్య?"

"ఆమెకు వినపడకపోతే నేనెవరితో వాదించాలి సార్? ఈ విద్యాలయంలో మిగిలినవాళ్ళంతా రెండో వాక్యానికే ఒప్పేసుకుంటారు."

"అదా సంగతి," అంటూ మరమరాల గిన్నె నా వైపు జరిపారు. "విడుదలైన పునాదిలోకి ఏదైనా తిరిగి చేరాలంటే సభ ఒప్పుకోవాలి. డ్రైవరు రాసుకురా. ప్రతిపాదన పెట్టు. ప్రతివాదిని వెతుక్కో. త్వరగా చెయ్, నైరుతి వైపు మబ్బు చేరుతోంది."

నమోదు 4

కోడు చదవడం నాకు బాగా వచ్చు, రాయడం అంతంతమాత్రం. ఉదయం వలలు, మధ్యాహ్నం తరగతులు, ఆ తర్వాత దీపాలు ఆర్పేదాకా కింకిణి. పాత పూచీదారు రాసిన డ్రైవరు శుభ్రంగా ఉంది. కానీ అది తలుపు తట్టే ఇల్లు ఇప్పుడు అక్కడ లేదు. పందొమ్మిదిలో గదులన్నీ మారిపోయాయి. ప్రతి పిలుపునూ కొత్త చిరునామాకు మళ్ళించాలి.

మొదటి ప్రయత్నంలో పెట్టె మేల్కోలేదు. రెండోసారి మేల్కొని ఈల వేసింది, మాండవి తీగ లాగేసుకుని నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయదగినవి కావు. తర్వాత ఒకసారి అన్నీ వినపడ్డాయి కానీ కుండలోంచి మాట్లాడినట్టు ఉన్నాయట. "నీ గొంతు మామూలు కంటే బాగుంది, ఇలాగే ఉంచేద్దామా?" అంది.

ఈ సాయంత్రం మాట స్పష్టంగా వచ్చింది. ఆమె కళ్ళు మూసుకుంది. నేను చట్టచరిత్ర పుస్తకం చదివాను, ఆమె ఒక్క మాట తప్పకుండా తిరిగి చెప్పింది. నేను సంతోషంతో కుర్చీ వెనక్కి నెట్టి లేచాను. నేల అదరడంతో ఆమె కళ్ళు తెరిచింది. కుర్చీని చూసింది. ఆ తర్వాత ఉలిక్కిపడింది.

ఆ వరుస తప్పు. ముందు ఉలిక్కిపడాలి, తర్వాత చూడాలి.

"ఆలస్యంగా వస్తోంది," అంది మాండవి. "నీ పెదవులు ముందు, నీ మాట వెనక."

"ఎంత వెనక?"

"నువ్వో మాట అనేసి, గెలిచానని ముఖం పెట్టేంత."

కారణం వెతికి పట్టుకున్నాను. పందొమ్మిది కరెంటు ఆదా కోసం యంత్రాన్ని మాటిమాటికీ లేపదు. పనులన్నీ పోగుచేసి ఒక్కసారి లేపుతుంది. నీటి పంపుకు ఆ జాప్యం లెక్కలోది కాదు. చెవికి అదే సర్వస్వం. వెంటనే లేపమని అడిగే అధికారం పునాదిలో పంపుల అలారాలకు మాత్రమే ఉంది. కింకిణికి ఆ అధికారం తేవాలంటే ఇరవయ్యవ విడుదలదాకా ఆగాలి. ఈలోగా చేయగలిగినదంతా చేసి జాప్యాన్ని సగానికి తగ్గించాను. మిగతా సగం ఉండిపోయింది.

సామాన్యుడికి ఆ సగం పెద్ద విషయం కాకపోవచ్చు. సభలో వాదించే మనిషికి అలా కాదు, ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఉండే ఆ రెప్పపాటులోనే జనం ఎవరు గెలిచారో నిర్ణయించేసుకుంటారు.

"ఈ లోపం సభలో చెప్పకపోతే ఎవరికీ తెలియదు," అన్నాను, ఆమె ఏమంటుందో చూద్దామని.

"చెప్పకపోతే నీ పూచీ నాకు అక్కర్లేదు," అంది.

నమోదు 5

ప్రతిపాదన పెట్టాను. ఊహించని చోట దెబ్బ తగిలింది.

అరకు నుంచి కాసులమ్మ: "మా పాలకేంద్రం మద్దతు రాసుకో తల్లీ."

సీలేరు నుంచి నూకరాజు: "మా పంపులోళ్ళందరం నీ ఎనకే అమ్మా."

అందరూ మద్దతే. ఎదిరించేవారు ఒక్కరూ లేరు. ప్రతివాది లేని ప్రతిపాదన మా సభలో చెల్లదు.

బయటివాళ్ళకు ఇది వింతగా తోచవచ్చు, మాకు ఇది ప్రాణం మీదికి వచ్చి నేర్చుకున్న పాఠం. చెదలు మొదట దూరింది ఒక వైద్యశాల యంత్రంలోంచి. అది ఉండాలా వద్దా అన్న చర్చ సభకు వచ్చినప్పుడు, రోగులను తలుచుకుని ఎవరూ నోరు మెదపలేదు. ఎవరూ ప్రశ్నించని ఆ యంత్రంలో ఎవరూ చూడని కన్నం ఉండిపోయింది. అప్పటి నుంచీ ఎంత మంచి ప్రతిపాదనకైనా ఎదురు నిలబడి వాదించే మనిషి ఉండి తీరాలి. ఆ వాదం నిజాయితీగా ఉందో లేదో కైలాసం గారు చూస్తారు. నిరుడు ఒక ప్రతివాది వాదిస్తూ వాదిస్తూ నవ్వాడని మొత్తం తీర్మానాన్ని కొట్టేశారు.

నేను పలకలో అందరికీ రాశాను: మద్దతు వద్దు, ఒక్క శత్రువును పంపండి.

కాసులమ్మ: "ఆడపిల్లకి చెవులు వద్దని ఎవరంటారమ్మా? నా నోరు రాదు."

నూకరాజు: "సరే, నేను ఎదురు నిలబడతాను. మొదటి మాట రెడీగా ఉంది, 'ఒప్పుకోను' అని. రెండో మాట నువ్వే రాసివ్వాలి."

తరగతిలో మిత్రులను అడిగాను. తలలు దించుకున్నారు. నాకు నిలువునా మండింది. వీళ్ళ మెత్తని మనసు చెదలు కన్నా శ్రద్ధగా ఆమె చెవిని తినేస్తోంది.

ఈ సాయంత్రం దూరంగా ఉరిమింది. వలలు దించడానికి తాళ్ళు సిద్ధం చేయమని వసతిగృహానికి కబురు వచ్చింది.

నమోదు 6

భోజనశాలలో చోడి అంబలి గిన్నెతో మాండవి నా ఎదురుగా కూర్చుంది.

"నీకు ప్రతివాది దొరికింది."

"ఎవరు?"

"నేను."

నేను గిన్నె కింద పెట్టేశాను. "నీ చెవికి వ్యతిరేకంగా నువ్వా?"

"నా యంత్రానికి నేను పూచీ ఉండకూడదన్నారు. ఎదిరించకూడదని నియమావళిలో ఎక్కడా లేదు. రెండుసార్లు చదివాను. నువ్వు ఒకసారైనా చదివి ఉంటే బాగుండేది."

"అంటే ఓడిపోవడానికి వాదిస్తావా?"

ఆమె ముఖం ఎర్రబడింది. ఇన్నేళ్ళలో ఆమెకు అంత కోపం రావడం నేను చూడలేదు. "ఓడిపోవడానికి వాదిస్తే అది చెల్లదు. చెల్లినా నేను ఆ పని చేయను. గెలవడానికే వాదిస్తాను. నన్ను ఓడించడం నీ పని."

"నిన్ను నేనెప్పుడూ ఓడించలేదు మాండవీ."

"అందుకే ముందుగా చెబుతున్నాను. బాగా తయారై రా."

"నువ్వు గెలిస్తే నీకు వినపడదు!"

"నేను గెలిచానంటే నా వాదన నిజమన్నమాట. నిజమైన వాదనను కాదని దొడ్డిదారిన వచ్చిన చెవి నాకెందుకు? ఇంకో సంగతి. సభలో నేను పందొమ్మిది మీదే వింటాను, నీ డ్రైవరుతోనే. ఆలస్యం వస్తుందని మెల్లగా మాట్లాడావంటే అందరి ముందూ లేచి చెబుతాను."

ఉప్పు డబ్బా లాక్కుని తన గిన్నెలో కాస్త ఉప్పు వేసుకుంది. ఇద్దరమూ అప్పటికే మనసులో వాదించుకుంటున్నాం.

నమోదు 7

సభ వలలు ఆరబెట్టే మైదానంలో జరిగింది. మబ్బు నెత్తిమీదికి దిగి ఉంది. దూరపు కొండలవారు పలకల్లో చేరారు. కైలాసం గారు మధ్యలో ఎత్తు పీట మీద కూర్చున్నారు.

పూచీదారుగా ముందు లోపం చెప్పాను. మాట ఆలస్యంగా చేరుతుందని, ఇరవయ్యవ విడుదలదాకా అది పూర్తిగా పోదని. మైదానంలో గుసగుస లేచింది. ఆ తర్వాత నా వాదన వినిపించాను, నా మామూలు వేగంతోనే.

నేను కూర్చున్నాక మాండవి వెంటనే లేవలేదు. నా చివరి మాట ఆమెను చేరడానికి పట్టిన ఆ కాస్త వ్యవధి అందరికీ కనిపించింది. వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు కూడా ఆమెను ఆలస్యంగానే చేరింది, చేరగానే అటు తిరిగి చూసింది. నవ్విన గొంతు మళ్ళీ వినిపించలేదు.

"ఒక్క మనిషి కోసం," అని మొదలుపెట్టింది, "పంపుల బోర్డులో చోటు అడుగుతున్నారు. ఆ చోటు రేపు కొత్త అలారానికి కావలసి వస్తే, దాహంతో ఉన్న కొండకు వకుళ ఏం చెబుతుంది? ఇది మొదటి ప్రశ్న. పూచీ మనిషి ఇస్తుంది, మనిషి చనిపోతుంది. నిన్నటి పూచీదారు చనిపోయినందుకే కదా ఇవాళ మనం ఇక్కడున్నాం? ఇది రెండోది. మూడోది వినండి. ఈ పెట్టె ఎవరికీ ఏమీ చెప్పదు, తాను ఉన్నానని కూడా చెప్పదు. చెదలుకు కావలసింది సరిగ్గా అలాంటి చీకటి గదే. వైద్యశాల మీద జాలిపడి ఒకసారి మునిగాం. ఇప్పుడు నా మీద జాలిపడి మునుగుతారా?"

పలకలోంచి నూకరాజు గొంతు వినిపించింది: "నిజవేఁ కదేటి!" కాసులమ్మ కసిరింది: "నోర్ముయ్యి, నువ్వు ఎవరి పక్షమో ముందు తేల్చుకో."

లేచాను. చోటు విషయం ముందు తేల్చాను. పాత డ్రైవరు కంటే కొత్తది సగానికి చిన్నది, రేపు అలారానికి చోటు చాలకపోతే ఇంకా చిన్నది చేయడం నా పూచీలో భాగం. మరణం విషయంలో ఆమె చెప్పింది ఒప్పుకున్నాను. అయితే పంపులకు పూచీ ఉన్నవాళ్ళూ మనుషులే, ఒక్కరూ చిరంజీవులు కారు. మరణించేవారు ఒకరి తర్వాత ఒకరు భుజం మార్చుకోవడమే పునాది చరిత్ర అన్నాను.

"నీ తర్వాత భుజం ఎవరిది?" వాక్యం పూర్తయిందో లేదో అడిగింది. ఆలస్యంగా వినే మనిషి నా వాక్యాన్ని మధ్యలోనే పూర్తిచేసుకుని కాచుకుని ఉంది.

"నేను వెతికి నేర్పిన మనిషిది. ఆ మనిషి దొరికేదాకా నేను ఈ కొండ దిగను. రాసుకోండి."

"చీకటి గది?"

"పెట్టె మాట్లాడనక్కర్లేదు. ప్రతి అమావాస్యకూ దాని పూచీదారు విడుదల కార్యాలయానికి నడిచి వెళ్ళి, కింకిణి ఒకటి ఉంది, తెరిచి చూశాను, శుభ్రంగా ఉంది అని తన నోటితో చెబుతుంది. ఆ పెట్టె ఎవరి గుట్టూ బయటపెట్టదు. లెక్కలో మాత్రం ఉంటుంది."

మైదానం కదిలింది. కైలాసం గారు మొదటిసారి ఏదో రాసుకున్నారు. కానీ మాండవి తగ్గలేదు. లోపం పట్టుకుంది. పనిచేయని దానికి పూచీ ఇవ్వడం పూచీ కాదని, మోసమని అంది. తన ఆలస్యాన్ని తానే ఎత్తి చూపింది. సభలో ప్రతి ఒక్కరూ దాన్ని కళ్ళారా చూశారని, అదే తన సాక్ష్యమని అంది. అది ఆ రోజంతటికీ బలమైన దెబ్బ. నీళ్ళు తాగే నెపంతో పక్కకు తిరిగి, "రాక్షసి," అని గొణుక్కున్నాను.

కాస్త వ్యవధి. "విన్నాను," అంది మాండవి. "వాదనకు జవాబు దొరకనివాళ్ళు వాదించేవాళ్ళను తిడతారు. రాసుకోండి."

జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వు మధ్యలో నాకు దారి కనిపించింది.

"సభకు ఒకే ప్రశ్న," అన్నాను. "ఈ యంత్రం పనిచేయదని ప్రతివాది అంటోంది. ఇంతసేపటి నుంచీ నేను వేగంగా మాట్లాడాను, అడ్డు తగిలాను, చివరికి పక్కకు తిరిగి గొణిగాను కూడా. ఇవన్నీ ఆమె ఆ పెట్టెతోనే, పందొమ్మిది మీదే, నేను రాసిన డ్రైవరుతోనే విన్నది. ఆలస్యంగా వచ్చాయి, అన్నీ వచ్చాయి. ప్రతివాదినే అడుగుతున్నాను. నా ఏ మాటకు నీ దగ్గర జవాబు లేకుండా పోయింది?"

ఆమె ముఖం మీద నా ప్రశ్న చేరిన క్షణం కనిపించింది. ఉచ్చు ఎక్కడుందో ఆమెకు వెంటనే తెలిసింది. జవాబిస్తే విన్నట్టే. ఇవ్వకపోతే ఒప్పుకున్నట్టే. గాలికి వలల తాళ్ళు కొట్టుకుంటున్నాయి. ఆమె వాటిని కూడా వింటోందని నాకు తెలుసు, కాస్త ఆలస్యంగా.

"దీనికి," అంది మాండవి. కూర్చుంది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత కాసులమ్మ పలకలోంచి పగలబడి నవ్వింది, ఆ నవ్వు కొండకొండకూ అంటుకుంది. నవ్వనివాళ్ళం మేమిద్దరమే, కైలాసం గారిని కూడా లెక్కపెడితే ముగ్గురం. ప్రతివాదం నిజాయితీగా సాగిందని ఆయన ప్రకటించారు. ఓట్లు పడ్డాయి. కింకిణి తిరిగి చేరింది, పెద్ద తేడాతో ఏమీ కాదు. నూకరాజు వ్యతిరేకంగా ఓటేశాడు. అడిగితే, "నీ మీద కోపం లేదమ్మా. ఆ పిల్ల సెప్పింది నాకు బాగా ఎక్కేసింది," అన్నాడు.

మైదానం ఖాళీ అవుతుండగా మాండవి దగ్గరికి వెళ్ళాను.

"మొదటిసారి నిన్ను ఓడించాను," అన్నాను.

కాస్త ఆగి, "నా సాక్ష్యంతో గెలిచావు. నీదంటూ ఒక్క సాక్ష్యమైనా తెచ్చుకున్నావా?" అంది. మొదటి చినుకులు పడటం మొదలైంది. ఇద్దరం తాళ్ళ వైపు పరుగెత్తాం.

నమోదు 8

వలలు దించాం. పంపులు మేల్కొన్నాయి. ఛార్జింగ్ స్టాండు మాండవి పెట్టెను పరీక్షించి పచ్చదీపం వెలిగించింది.

ఇరవయ్యవ విడుదలలో ఆలస్యం పోవాలి. అందుకు నేను రోజూ ఆమె ఎదుట కూర్చుని గట్టిగా చదవాలి, ఆమె విని ఎక్కడ ఎంత వెనకబడిందో చెప్పాలి, నేను ఒక వరుస మార్చి మళ్ళీ చదవాలి. చట్టచరిత్ర పుస్తకం తీశాను.

"అది వద్దు," అంది. "నిద్ర వస్తుంది. నిద్రపోతే ఆలస్యం ఎలా తెలుస్తుంది? నువ్వు నిజంగా కోపంగా మాట్లాడేది ఏదైనా చదువు."

"అలాంటిది నా దగ్గర ఒక్కటే ఉంది. ఈసారి ఇక్కడే జరిగే కొండల వాదపోటీకి రాసుకుంటున్న వాదన."

"అందులో నీ ప్రతివాదిని నేనే కదా?"

"నువ్వే."

"అయితే అదే చదువు."

పూచీ అంటే ఏమిటో కైలాసం గారు చెప్పినప్పుడు ఈ ముక్క చెప్పలేదు. ఇకమీదట నా ప్రతి వాదనా సభకన్నా ముందు ఆమె చెవిలో పడుతుంది. నేను ఆ చెవిని ఎంత బాగుచేస్తే ఆమె నన్ను అంత త్వరగా పట్టుకుంటుంది. నా ఓటమికి నా చేతులతో నేనే దారి వేస్తున్నాను, దాన్ని గుంటలు లేకుండా వేయాలని పట్టుబట్టి మరీ వేస్తున్నాను.

గొంతు సవరించుకుని మొదటి వాక్యం చదివాను.

"ఆలస్యం," అంది మాండవి. "పైగా తప్పు. నీ రెండో ఆధారం మొదటిదాన్ని కొట్టేస్తోంది."

ముందు డ్రైవరులో ఒక వరుస మార్చాను. తర్వాత వాదనలో ఒక వరుస మార్చాను. మళ్ళీ చదివాను.